ఆర్టిఫిషియల్ గడ్డే కదా, ఏమవుతుంది?

నిన్న సాయంత్రం నుంచి ఒళ్లు మండిపోతోంది. మా ఆయనతో చెప్తే "పోనీలేద్దూ" అన్నారు. ఆయనకన్నీ పోనీలేద్దూలే. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నిన్న శనివారం. పొద్దున ఆరున్నరకల్లా డ్రైవ్‌వే పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. కాలిఫోర్నియాలో మా ఊరు ట్రేసీ ఎండ ఎరిగినవాళ్లకి ఆరున్నర ఎందుకో చెప్పక్కర్లేదు. బయట 40 డిగ్రీలుంటే మా ఇంటి ముందు పరిచిన ప్లాస్టిక్ గడ్డి (టర్ఫ్) మీద 65 దాటుతుంది. టర్ఫ్ అంచు నాలుగడుగుల మేర లేచిపోయి, నూనెలో వేసిన అప్పడంలా పైకి వంకర తిరిగింది. చెత్త డబ్బా తోసుకెళ్తూ రెండుసార్లు తట్టుకున్నాను. హ్యాండీమ్యాన్‌ని పిలిస్తే చేతినిండా మేకులు కూడా పట్టని పనికి, గుమ్మంలో అడుగుపెట్టినందుకే 250 డాలర్లు అన్నాడు. నేనే చేసుకుంటాలే అనుకున్నా.

పాత మేకులు లాగితే తుప్పు పొడిగా రాలింది. "గాల్వనైజ్డ్ మేడమ్, తుప్పు పట్టవు" అన్నాడు అప్పట్లో కాంట్రాక్టర్. ఆహా. కింద పరిచిన గ్రానైట్ పొడి ఉంటుంది చూడండి, డీజీ అంటారు, అది చూరు గొట్టం నీళ్లకి కొట్టుకుపోయి డొల్ల పడింది. కొత్త డీజీ పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాను. నాలుగంగుళాలకొకటి చొప్పున ఆరంగుళాల మేకులు. మేకు దిగేచోట పోచల్ని వేళ్లతో అటూ ఇటూ విడదీయాలి, చంటిదానికి పాపిడి తీసినట్టు. లేకపోతే మేకు తల కింద పోచలు ఇరుక్కుని అక్కడ బట్టతలలా కనిపిస్తుంది. పదమూడు మేకులకి పదమూడు పాపిళ్లు తీశాను. మేకు పట్టని మూల దగ్గర గ్లూ వేశాను. 24 గంటలు కదపకూడదని డబ్బా మీదే ఉంది. సోనా మసూరి ఖాళీ సంచులు నాలుగింటిలో ఇసుక నింపి అంచు పొడవునా బరువు పెట్టాను. మళ్లీ పైన ఇసుక చల్లి, పోచలు నిలబడేదాకా చీపురుతో ఎదురు దువ్వాను. నడుము పోయింది కానీ, నిజం చెప్పొద్దూ, భలే ముచ్చటేసింది.

సాయంత్రం ఆరింటికి మనవాళ్లే, పేరెందుకు, వాళ్లబ్బాయి గ్రాడ్యుయేషన్ పార్టీకి పిలవడానికి వచ్చారు. వీధి మొత్తం ఖాళీ. మా గరాజ్ ముందు రెండు కార్ల చోటు ఖాళీ. అయినా ఆ వచ్చినాయన కారు దిగి, నా నాలుగు సంచులూ ఒక్కొక్కటే ఎత్తి, ఎంతో జాగ్రత్తగా గుమ్మం పక్కన పేర్చి, మళ్లీ కారెక్కి, కుడి చక్రాలు అంచు మీదకి ఎక్కించి ఆపాడు. ఆపి ఊరుకున్నాడా? కారు నిలబెట్టే స్టీరింగ్ గిర్రున తిప్పి సరిచేశాడు. రబ్బరు టైరు అక్కడే మెలి తిరిగితే మేకు నిలుస్తుందా, గ్లూ నిలుస్తుందా?

"బియ్యం ఎండకి పాడవుతాయని పక్కన పెట్టాను వదినగారూ!"

నేను అంచు వైపు చెయ్యి చూపించాను, నోట మాట రాలేదు. "అయ్యో, ఆర్టిఫిషియలే కదా, ఏమవుతుంది?" అని లోపలికి నడిచాడు. ఆ తర్వాత రెండుసార్లు టీ కూడా పెట్టించుకున్నారు.

అసలు ఈ ప్లాస్టిక్ మీద మోజు మాకేం లేదు. 2021 కరువులో గవర్నర్ నీళ్లు 15 శాతం తగ్గించుకోమంటే బుద్ధిమంతుల్లా పచ్చగడ్డి పీకించాం. ఈ టర్ఫ్ వెయ్యకుండా ఆపే హక్కు హెచ్‌ఓఏలకి, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘాలకి, లేదని 2015లోనే చట్టం వచ్చింది. మా హెచ్‌ఓఏ ఆపలేదు. అంచు లేచిందని ఉత్తరం మాత్రం పంపింది. పక్కింటాయన రోడ్డు మీద పారబోసే నీళ్లు మాత్రం వాళ్ల కంటికి ఆనవు. 15 ఏళ్ల వారంటీ ఉంది కదా అని కాగితం తీసి చూస్తే, రంగు వెలిస్తే ఇస్తారట. అంచులకి లేదు. గడ్డి అన్నాక లేచేది అంచులే, వెలిసేదెవరికి కావాలి? "మెయింటెనెన్స్ అక్కర్లేదు" అని అమ్మినవాడు దొరికితే వాడిచేత పాపిళ్లు తీయించాలి.

ఈ కాంట్రాక్టర్‌ని మాకు చెప్పింది ఎవరనుకున్నారు? ఈ కారు ఎక్కించినాయనే! "మనవాళ్లందరికీ ఇతనే వేశాడు, కళ్లు మూసుకుని ఇచ్చేయండి" అన్నాడు. వాళ్ల ఇంటి ముందు చూడండి, నిజం గడ్డి, రోజూ స్ప్రింక్లర్లు.

కారు సంగతి వదిలేయండి. 2022లో వాళ్ల గృహప్రవేశానికి పరమాన్నం వండాలంటూ మా అమ్మ తెనాలి నుంచి మోసుకొచ్చిన ఇత్తడి గుండిగ పట్టుకెళ్లారు. అమ్మ దానికోసం సూట్‌కేసులో సగం చీరలు తీసేసి, ఆవకాయ సీసా కూడా వదిలేసి తెచ్చింది. నాలుగు నెలలకి, మూడుసార్లు అడిగాక తిరిగొచ్చింది. అడుగు నల్లగా మాడి, అంచు దగ్గర పిడికిలంత సొట్ట. వాళ్లావిడ ఏమందో తెలుసా? "ఇత్తడే కదా, చింతపండు పెట్టి తోమితే పోతుంది." సొట్ట కూడా చింతపండుకి పోతుందా వదినా? అమ్మ వీడియో కాల్‌లో "గుండిగ ఏదే" అన్నప్పుడల్లా సొట్ట లేనివైపు తిప్పి చూపిస్తున్నాను, మూడేళ్లుగా.

మొగుడూ పెళ్లాలు ఎంత చక్కగా కుదిరారో. ఆయన గడ్డే కదా, ఆవిడ ఇత్తడే కదా.

ఇవాళ పొద్దున చూస్తే పదమూడింట్లో తొమ్మిది మేకులు తలలెత్తి నిలబడ్డాయి. గ్లూ వేసిన మూల నాలుకలా బయటికి వచ్చింది. మళ్లీ డీజీ బస్తా, మళ్లీ హోమ్ డిపో షాపు. గ్రాడ్యుయేషన్ పార్టీకి ఏం వండి తెస్తారని వదిన మధ్యాహ్నం మెసేజ్ పెట్టింది. ఇంకా జవాబివ్వలేదు.

రోడ్డు పనుల దగ్గర పెట్టే ఆరెంజ్ కోన్లు రెండు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. మంగళవారం వస్తాయట. ఆ డెలివరీ వ్యాన్ వాడు బండి ఎక్కడ ఆపుతాడో చూడాలి.