మా డాబా మీద కప్పస్తంభం

నిన్నటి మసి ఇంకా గోళ్లలోంచి పోలేదు. సబ్బు అయింది, సర్ఫు అయింది, ఇక మిగిలింది గరుకు కాగితమే.

మా అమ్మకి పప్పు కట్టెల పొయ్యి మీద ఉడికితేనే పప్పు. అందుకని పెరట్లో చిన్న వంటగది, గోడ వెంట పైకి సిమెంటు పొగగొట్టం. దాన్ని పెట్టిన మేస్త్రి డాబా పిట్టగోడకి అడుగున్నర కిందే ఆపేశాడు. నాగావళి వైపు నుంచి గాలి లేచిందంటే గోడ దాటి కిందికి దిగి, పైకి పోవాల్సిన పొగని మళ్లీ వంటగదిలోకి తోసేసేది. పదడుగుల లోపల ఏది ఎత్తుగా ఉంటే దానికన్నా రెండడుగులు పైకి ఉండాలయ్యా గొట్టం అంటే, "సరిపోద్ది బాబూ" అన్నాడు. ఎర్రబడ్డ అమ్మ కళ్లు చూసి, కొడుకు సరిగ్గా చూడటం లేదని చుట్టాలు నిర్ధారించుకున్నారు.

సరే, నాలుగడుగుల రేకు గొట్టం చేయించాను. బిగించడానికి మళ్లీ అదే మేస్త్రి. (ఊళ్లో ఇంకొకడు లేడా అంటే ఉన్నాడు. ఇతని బావమరిది.)

పిట్టగోడ మీంచి వంగి గొట్టానికి గొట్టం తొడిగాక గుర్తొచ్చింది మహానుభావుడికి, క్లాంపు తేలేదని. "కాస్త పట్టుకోండి బాబూ, సెవెన్ రోడ్స్ జంక్షన్ దాకా ఎల్లి ఐదు నిమిషాల్లో వచ్చీస్తాను."

పట్టుకున్నాను. రెండు చేతులా, చెంప ఆనించి. సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే కోరిక తీరుతుందంటారు. నాకున్నది ఒకటే కోరిక, అది స్కూటర్ మీద వెళ్లిపోయింది.

జేబులో ఫోన్ మోగింది. తీద్దామంటే గొట్టం పక్కకి వాలుతోంది. ఆగి మళ్లీ మోగింది. ఎదురింటి మాస్టారు గేటు దగ్గరికొచ్చి తలెత్తి చూశారు.

"ఏటి బావూ, యాంటెనాయా? బొమ్మ వస్తోందా?"

ఒకప్పుడు ఆదివారం పూట యాంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అని డాబాల మీంచి అరిచిన తరం ఆయనది. నవ్వాను. నవ్వితే గొట్టం కదిలింది. ఆపేశాను. ఆయన మాత్రం కుర్చీ తెచ్చుకున్నారు.

అప్పుడు గొట్టం వెచ్చబడింది. మొదట ఎండ అనుకున్నాను. తర్వాత లోపల్నుంచి గుర్రుమని చప్పుడు. మేస్త్రి పోతూ పోతూ "అయిపోయిందమ్మా, ఎలిగించీండి" అని అమ్మకి చెప్పి మరీ పోయాడట! అమ్మ సరుగుడు కట్టెలు పేర్చి, తొందరగా అంటుకోవాలని పలాస చుట్టాలు ఇచ్చిన జీడిపిక్కల తొక్కలు గుప్పెడు వేసింది. ఆ తొక్కల్లో ఉండే నూనె చేతికి తగిలితేనే బొబ్బలెక్కిస్తుంది. దాని పొగ కంట్లో పడితే ఎలా ఉంటుందో నన్నడగండి. పై గొట్టం మూతి కింది గొట్టం లోపలికి దిగాల్సింది పోయి, ఇతను టోపీలా బయట తొడిగాడు. ఆ సందులోంచి మసి సరాసరి నా చొక్కా గుండీల వరస మీదికి.

కింద నుంచి అమ్మ ఆనందం: "ఒరే నాయినా, పొగ చక్కగా పోతోందిరా!"

ఎక్కడికి పోతోందో నాకు తెలుసు.

వదిలేస్తే గొట్టం అమ్మ తులసికోట మీద పడుతుంది, పట్టుకుంటే చేతులు కాలతాయి. ఒక చేత్తో భుజం మీది తువ్వాలు లాగి చుట్టాను. "ఒక ఫొటో తీయనా బావూ?" అన్నారు మాస్టారు.

ఐదు నిమిషాలు ముప్పావుగంటయ్యాక క్లాంపు వచ్చింది, బిగిసింది. ఫోన్ తీసి చూస్తే మూడు మిస్డ్ కాల్స్, మూడూ మేస్త్రివే. "నాలుగంగుళాలదా, ఆరంగుళాలదా అని అడుగుదామనీ... మీరు ఎత్తలేదు" అన్నాడు, కాస్త నిష్ఠూరంగా. పైగా పెట్రోలుకి వంద.

ఇవాళ పొద్దున్న వంటగదిలో పొగ చుక్క లేదు. గొట్టం గాలిని అంత జోరుగా లాగుతోంది మరి. అమ్మ మాత్రం కట్టెల మోపు వైపు చూసి గొణిగింది.

"రెండు రోజుల కట్టెలు ఒక్క పూటలో మేసేసిందిరా ఇది. ఆ మేస్త్రిని పిలిచి ఓ అడుగు కోయించు."