టాపర్ గదికి క్యూ ఏదీ?

బీటెక్ ఫస్టియర్ పిల్లలు ఎమ్ వన్, అంటే మొదటి మ్యాథ్స్ పేపర్, అసైన్‌మెంట్లు సాఫ్ట్‌వేర్‌తో చేసేస్తున్నారని సీనియర్ లెక్చరర్లు గుండెలు బాదుకుంటున్నారు, న్యాయమే, నేనూ బాదుకుంటున్నా, కాకపోతే నా ఏడుపు వేరు. పిల్లలు సొంతంగా లెక్కలు చెయ్యట్లేదని కాదు, ఎప్పుడు చేశారు గనక? పక్కోడి పేపర్ చూసి రాయడం మానేస్తున్నారు, అదీ నా బాధ.

ఒకప్పుడు ఎంత పద్ధతిగా ఉండేదండీ. సబ్మిషన్ ముందు రోజు రాత్రి హాస్టల్లో టాపర్ గది ముందు క్యూ, వాడికి టీలు, పునుగులు, "మావా నువ్వు దేవుడివిరా" అని స్తోత్రాలు. ఒక్క సెట్ ఏ ఫోర్ పేపర్లు సెక్షన్ మొత్తం తిరిగేది. మూడో చేతికొచ్చేసరికి మైనస్ ప్లస్ అయ్యేది, పదో చేతికి ఒక స్టెప్ ఎగిరిపోయేది, అయినా చివర్లో ఆన్సర్ మాత్రం అందరికీ కరెక్టే, బుక్ వెనకాల ఉంటుంది కదా మరి. ఇప్పుడు ఆ టాపర్ మొహం చూసేవాడే లేడు, పాపం పునుగులు సొంత డబ్బుల్తో కొనుక్కుంటున్నాడు.

ఈ కుట్ర నిన్న మొన్నటిది కాదు. 1961లోనే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జేమ్స్ స్లేగల్ అనే ఆయన పీహెచ్‌డీ కోసం సెయింట్ అని ఒక ప్రోగ్రామ్ రాశాడు, 86 ఇంటిగ్రేషన్ లెక్కలిస్తే 84 చేసి పారేసింది, వాటిలో చాలావరకు అక్కడి ఫస్టియర్ ఫైనల్ పరీక్షల్లోవే. తర్వాత 1988లో మ్యాథమెటికా, 2009లో వుల్ఫ్రమ్ ఆల్ఫా అని లెక్కలు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, ఇప్పుడైతే లెక్క మీద ఫోన్ కెమెరా పెడితే చాలు. మిషన్ అప్పుడెప్పుడో పాసైపోయిన సబ్జెక్ట్ మనోళ్ళకి ఇంకా బ్యాక్‌లాగ్ ఉందంటే తప్పు కచ్చితంగా మిషన్‌దే.

పైగా దానికి మన మర్యాద తెలీదు. సెక్ ఎక్స్ ఇంటిగ్రల్ అడగండి. ఇంటర్లో మనందరి చేత బట్టీ కొట్టించింది లాగ్ మాడ్ సెక్ ఎక్స్ ప్లస్ టాన్ ఎక్స్, ప్లస్ సి. వుల్ఫ్రమ్ ఆల్ఫా మాత్రం ఎక్స్ బై టూలతో సైన్లు, కాస్‌లు కలిపి రెండు లాగ్‌లు పెట్టి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తుంది. రెండూ ఒకటేనని హాఫ్ యాంగిల్ ఫార్ములాలు వచ్చినవాడికి తెలుస్తుంది, వచ్చినవాడు దాని దగ్గరికి ఎందుకెళ్తాడు? కాబట్టి కుర్రాడు తెలీక రాస్తాడు, దిద్దేవాళ్ళు బుక్‌తో కలవలేదని తెలీక ఎర్ర ఇంకుతో కొట్టేస్తారు, మధ్యలో ఆ కరెక్ట్ ఆన్సర్ అనాథ. మ్యాథమెటికా అయితే ప్లస్ సి కూడా పెట్టదు, మన దగ్గర చదివుంటే హాఫ్ మార్కు పోయేది దానికి.

అందుకే సాఫ్ట్‌వేర్‌ని బ్యాన్ చేసి టాపర్లకి నష్టపరిహారం ఇవ్వాలని నా డిమాండ్. అసైన్‌మెంట్ అంటే మార్జిన్లు, బ్లాక్ పెన్‌తో హెడ్డింగ్, బ్లూ పెన్‌తో మేటర్, ఇవి నేర్పే విద్య, మధ్యలో కాలిక్యులస్ ఎందుకొచ్చిందో నాకైతే అర్థం కాదు.

ఇలాంటి టైమ్‌లో ఒక కుర్ర లెక్చరర్ స్టాఫ్ మీటింగ్‌లో లేచి, ఏళ్ళ తరబడి అవే పది క్వశ్చన్లు ఇచ్చే బదులు సాఫ్ట్‌వేర్‌తోనే గ్రాఫ్ గీయించి, అది అక్కడ ఎందుకు వంగిందో సొంత మాటల్లో రాయమందాం సార్ అన్నాడు. వినడానికి బానే ఉంది, కానీ అలా రాస్తే కూర్చుని చదవాలి, టిక్కు కొట్టి పక్కన పడేస్తే కుదరదు. ఆ సాయంత్రమే అతనికి కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ళ కోసం ఫైళ్ళు తయారుచేసే పని అప్పజెప్పారు.