మన కంప్యూటర్ ఎవరి పని చేస్తోంది?

ఏమీ తెరవకుండానే ఫ్యాన్ హోరెత్తడం, మౌస్ కదిపితే తెర మీద బాణం ఆగి ఆగి జరగడం, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ప్రాసెసర్) వాడకం నూటికి నూరు దగ్గర నిలిచిపోవడం ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లలో చాలామందికి అనుభవమే. దీనికి మన దగ్గర ముందుగా వినిపించే సలహా ఫార్మాట్ కొట్టించమని. షాపులో విండోస్ మళ్లీ ఎక్కించి ఇస్తారు, కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. కానీ అసలు కారణం దుమ్ము పట్టిన ఫ్యాన్‌లోనో, పరికరాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ సరిపడకపోవడంలోనో, ఫార్మాట్ తర్వాత మళ్లీ ఎక్కించిన అదే దొంగ సాఫ్ట్‌వేర్‌లోనో ఉంటే పరిస్థితి మొదటికే వస్తుంది. పైగా కారణాన్ని పట్టించగలిగిన ఆధారాలన్నీ ఆ ఫార్మాట్‌తోనే తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే ప్రాసెసర్‌కు ఆ పనిని ఎవరు అప్పగించారో తేలేదాకా దేన్నీ చెరపకూడదని, ఆ ఆరా తీయడం చాలా సందర్భాల్లో కంప్యూటర్ సొంతదారు చేతిలో పనేనని నా అభిప్రాయం.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని అంకెలను సరిగ్గా చదవడంతోనే సగం చిక్కు విడిపోతుంది. డీటెయిల్స్ పేజీలో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ తొంభై శాతానికి పైగా చూపిస్తుంటే కంగారు పడేవాళ్లున్నారు. ప్రాసెసర్‌లో అంత భాగం ఖాళీగా ఉందని మాత్రమే దాని అర్థం. విండోస్ విడివిడి ప్రాసెసర్లుగా లెక్కించే లాజికల్ ప్రాసెసర్లు నాలుగున్న కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ అటూ ఇటూ కదలకుండా 25 శాతం దగ్గర, ఎనిమిది ఉన్నదాంట్లో 12 లేదా 13 శాతం దగ్గర గంటల తరబడి ఆగిపోతే, ఆ ప్రోగ్రామ్‌లో ఒకే ఒక్క థ్రెడ్ (వరుసగా నడిచే ఒక పని) అంతులేని చక్రంలో ఇరుక్కుందని దాదాపుగా చెప్పవచ్చు. నిజంగా పని చేస్తున్న ప్రోగ్రామ్ అంకె సాధారణంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇరుక్కున్నదాన్ని మూసి, దాని కొత్త వెర్షన్ వేసుకుంటే సరిపోయే చోట హార్డ్ డిస్క్ మొత్తం చెరపడం దండగ.

ఎక్కువమందిని బెదరగొట్టే పేరు ఎస్‌వీసీహోస్ట్. ఇది విండోస్ సొంత సేవలు నడవడానికి ఆసరాగా ఉండే ప్రోగ్రామ్. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి, 3.5 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో చాలా సేవలకు విడివిడిగా ఒక్కో ఎస్‌వీసీహోస్ట్ కేటాయించారు కాబట్టి, జాబితాలో ఆ పేరు పదుల సార్లు కనిపించినా భయపడనక్కర్లేదు. దాని మీద రైట్ క్లిక్ చేసి, సేవలకు వెళ్లే ఆప్షన్ ఎంచుకుంటే లోపల నడుస్తున్నది ఏదో తెలుస్తుంది. ఫైల్ ఉన్న చోటు విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32, సిస్‌వావ్64 కాకుండా మరేదైనా అయితే మాత్రం అనుమానించాల్సిందే.

విండోస్ 7 చివరి సంవత్సరాల్లో జరిగింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2015, 2016లలో ఎన్నో కంప్యూటర్లలో అప్‌డేట్ సేవను నడిపే ఎస్‌వీసీహోస్ట్, ఏ అప్‌డేట్ స్థానంలో ఏది వచ్చిందో లెక్కగట్టడానికే ప్రాసెసర్‌లోని ఒక కోర్‌ను (గణన విభాగాన్ని) గంటల కొద్దీ పూర్తిగా ఆక్రమించేది. అప్పుడే ఫార్మాట్ కొట్టి, సర్వీస్ ప్యాక్ 1 అనే పాత అప్‌డేట్ల మూటతో మళ్లీ ఎక్కించిన కంప్యూటర్‌కు ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్లన్నీ కావాలి కాబట్టి బాధ అక్కడే ఎక్కువ. అంటే మందు అనుకున్నదే జబ్బును పెంచింది. 2016 జులైలో వచ్చిన అప్‌డేట్ రోలప్‌తో గానీ చాలామందికి ఉపశమనం దొరకలేదు.

టాస్క్ మేనేజర్ జాబితాలో కనిపించే డబ్ల్యూఎంఐ ప్రొవైడర్ హోస్ట్ విషయంలో నింద తరచూ తప్పు చోట పడుతుంది. కంప్యూటర్ స్థితిగతుల గురించి ఇతర ప్రోగ్రాములు అడిగే ప్రశ్నలకు జవాబిచ్చేది అది. ప్రింటర్‌తో వచ్చిన సహాయక ప్రోగ్రామో, ల్యాప్‌టాప్ తయారీదారు ముందే ఎక్కించిన మానిటరింగ్ ప్రోగ్రామో నిమిషానికి ఎన్నోసార్లు ప్రశ్నలు వేస్తుంటే, శ్రమ మాత్రం జవాబిచ్చేదాని పేరున కనిపిస్తుంది. విండోస్ నమోదు చేసిన సంఘటనలను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూఎంఐ యాక్టివిటీ కింద ఉండే ఆపరేషనల్ లాగ్ తెరిస్తే, నమోదైన లోపాల్లో క్లయింట్ ప్రాసెస్ ఐడీ అనే అంకె ఉంటుంది. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ పేజీలోని పీఐడీ (ప్రాసెస్ ఐడీ) వరుసలో అదే అంకె ఎవరిదో వెతికితే అడుగుతున్నవాడు దొరుకుతాడు. ఇంత తేలికైన ఆధారాన్ని అన్ని మెనూల అడుగున దాచిపెట్టడం మైక్రోసాఫ్ట్ చేసిన పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఫలానా ప్రోగ్రామ్ అడుగుతున్నందువల్ల ఈ పని జరుగుతోందని టాస్క్ మేనేజరే ఒక్క వాక్యంలో చెప్పగలిగితే ఎన్నో ఇళ్లలో అనవసరపు ఖర్చు తప్పుతుంది.

వేడి సంగతి వేరు. పర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ బేస్ స్పీడ్, ప్రస్తుత వేగం రెండూ ఉంటాయి. వాడకం నిండుగా ఉన్నా వేగం బేస్ స్పీడ్ కంటే బాగా దిగువనే ఉంటే, ప్రాసెసర్ వేడి నుంచి తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదించి ఉండవచ్చు. ఫ్యాన్ శుభ్రం చేయించి, ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే మార్పించాలి. పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచి చేయించుకునే పనిని చూపే సిస్టమ్ ఇంటరప్ట్స్ అన్న వరుస ఎక్కువగా ఉంటే డ్రైవర్లనూ, బయట తగిలించిన పరికరాలనూ ఒక్కొక్కటిగా తీసి చూడాలి.

ఇక నిజమైన దొంగల మాట. 2017 సెప్టెంబర్‌లో మొదలైన కాయిన్‌హైవ్ అనే సేవ, వెబ్ పేజీ చూస్తున్నవారి ప్రాసెసర్‌తో లెక్కలు చేయించి మొనేరో అనే క్రిప్టో కరెన్సీని తవ్వించే (సంపాదించే) స్క్రిప్టును అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2018లో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ డైరెక్టర్, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల మున్సిపాలిటీల వెబ్‌సైట్లలో ఇలాంటి స్క్రిప్టులు చొప్పించి ఉన్నాయని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. పౌరసేవల కోసం ప్రభుత్వ వెబ్‌సైట్ తెరిచినవారి కరెంటు, వారి ప్రాసెసర్ ముక్కూమొహం తెలియనివారి లాభానికి ఖర్చయ్యాయి. కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతపడినా, కంప్యూటర్‌లోనే తిష్ఠ వేసి ఇలా కరెన్సీ తవ్వే ప్రోగ్రాములు, అంటే మైనర్లు, పోలేదు. క్రాక్ చేసిన గేములు, విండోస్‌ను ఉచితంగా యాక్టివేట్ చేస్తామనే ప్రోగ్రాములు వాటికి రాచబాట. వాటిలో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే పని ఆపేసి, మూయగానే మళ్లీ మొదలుపెడతాయి. ఫ్యాన్ హోరు సరిగ్గా మీరు చూడబోయిన క్షణంలోనే తగ్గుతుంటే అదే గట్టి ఆధారం. అలాంటప్పుడు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌తో చూడటం, కంప్యూటర్ ఆన్ కాగానే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితాను పరిశీలించడం, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ నడపడం మేలు. డిఫెండర్ కూడా స్కాన్ చేసేటప్పుడు ప్రాసెసర్‌ను గట్టిగానే వాడుకుంటుంది. వేగం కోసమని దాన్ని శాశ్వతంగా ఆపించే షాపులు ఆ మైనర్లకే తలుపు తీసి పెడుతున్నాయి.

మైనర్ లోతుగా పాతుకుపోయిందని తేలితే ఫార్మాట్ తప్పకపోవచ్చు. అప్పుడు కూడా షాపుకు ఇచ్చే ముందు డీటెయిల్స్ పేజీని సీపీయూ వరుసలో పై నుంచి కిందికి అమర్చి ఒక ఫొటో, పర్ఫార్మెన్స్ పేజీది మరొకటి ఫోన్‌లో తీసుకోవాలి. వాటిని చూపించి, ఎక్కించబోయే విండోస్‌కు అసలైన లైసెన్స్ ఉందా అని అడగాలి. ఆ ఫొటోల వైపు చూడకుండానే సీడీ కోసమో పెన్‌డ్రైవ్ కోసమో చెయ్యి చాపే షాపు నుంచి కంప్యూటర్‌ను వెనక్కి తెచ్చుకోవడమే మంచిది.