మహారాజశ్రీ గోధుమ బస్తా గారికి ఒక విన్నపం

ఆకలిగొన్న వారికి సహాయంగా పంపే మహారాజశ్రీ 50 కిలోల గోధుమ బస్తా గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద గనుక అలాగే మొదలుపెడుతున్నాను. గిడ్డంగిలో ఉన్నా, లారీ మీద ఉన్నా, దొంగచాటుగా పిండిమరలో ఉన్నా మీ కుశలానికి లోటు రాదనీ, లోటల్లా మీ కోసం వరుసలో నిలబడిన వారికేననీ ఇథియోపియా ఉత్తరాన ఉన్న తిగ్రాయ్ ప్రజలకు బాగా తెలుసు.

2020 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమానికి నోబెల్ శాంతి బహుమతి ప్రకటిస్తూ, ఆకలిని యుద్ధంలో ఆయుధంగా వాడకుండా చేసిన కృషిని కమిటీ ప్రత్యేకంగా మెచ్చుకున్నది. నెల తిరగకముందే తిగ్రాయ్‌లో ఇథియోపియా ప్రభుత్వానికీ అక్కడి నాయకులకూ మధ్య యుద్ధం మొదలైంది. బ్యాంకులు మూతపడ్డాయి, ఫోన్లు మూగబోయాయి, కరెంటు పోయింది, మీరు ఎక్కిన లారీలు దారిలోనే ఆగిపోయాయి. ఆ రోజుల్లో మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేదు, తుపాకీ అడ్డం నిలబడితే బస్తా మాత్రం ఏం చేస్తుంది?

నా ఫిర్యాదు శాంతి వచ్చిన తరువాతి మీ నడవడి గురించి. 2022 నవంబరు 2న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో, నైజీరియా మాజీ అధ్యక్షుడు ఒబసాంజో, కెన్యా మాజీ అధ్యక్షుడు కెన్యాటా వంటి పెద్దల మధ్యవర్తిత్వంలో, ఇథియోపియా ప్రభుత్వమూ తిగ్రాయ్ నాయకులూ యుద్ధాన్ని శాశ్వతంగా విరమిస్తున్నామని సంతకాలు చేశారు. ఆ యుద్ధంలో ప్రభుత్వం పక్షాన పోరాడిన పొరుగు దేశం ఎరిట్రియా ఆ బల్ల దగ్గర లేదు. పశ్చిమ తిగ్రాయ్ పొలాలు పక్క ప్రాంతమైన అమ్హారా బలగాల చేతిలోనే ఉండిపోయాయి. అందువల్ల తిగ్రాయ్ పట్టణాలైన మెకెల్లెలోనో షిరేలోనో బడి గదుల్లో తలదాచుకుంటున్న కుటుంబాలకు శాంతి వచ్చిందే గాని ఇల్లు రాలేదు. వారికి ఆ ఒప్పందంలో చేత్తో తడిమి చూసుకోగలిగిన నిబంధన ఏదైనా ఉందంటే అది మీరే. నవంబరు మధ్యలో లారీలు మళ్లీ కదిలినప్పుడు, మనిషికి నెలకు 15 కిలోల గింజలు, కాస్త పప్పు, కాస్త నూనె అన్న మీ లెక్కలోనే వారు సంధిని కొలుచుకున్నారు.

ఆరు నెలలు నిండేసరికి తమరు అంతర్ధానమయ్యారు. షెరారో పట్టణంలో లక్ష మందికి సరిపడే తిండి మాయమైందనీ, మీ సోదరులు బజారులో అమ్ముడుపోతున్నారనీ తెలియగానే అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్, ప్రపంచ ఆహార కార్యక్రమం కలిసి మొదట తిగ్రాయ్‌కు, 2023 జూన్‌లో దేశమంతటికీ ఆహారం ఆపేశాయి. సూడాన్ నుండి, సోమాలియా నుండి పారిపోయి వచ్చి ఇథియోపియా శిబిరాల్లో ఉన్న శరణార్థులకు కూడా ఆగిపోయింది. దొంగతనం జరిగిన మాట నిజమే, చిన్న దొంగతనమూ కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత మాకు తెలుసు గాని, పూజారి దొంగ అని తేలగానే భక్తులందరినీ ఉపవాసం ఉండమనే సంప్రదాయం మాత్రం మాకు కొత్త. మా ఊళ్లలో చౌకడిపో బియ్యం పక్కదారి పడితే నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు పెడతారు, సరుకు పట్టుకుంటారు, డీలరును తప్పించి పక్క ఊరి డీలరుకు బాధ్యత అప్పగిస్తారు. (ఆ తరువాత ఆ కేసు ఏమవుతుందన్నది వేరే సంగతి, దాని జోలికి ఇప్పుడు పోను.) అంతే గాని జిల్లాలోని తెల్లకార్డులన్నీ రద్దు చేసి, విచారణ తేలేదాకా పస్తుండమని చాటింపు వేయరు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడైనా తన ఇంటికే పెట్టుకుంటాడు.

జాబితాలు కొత్తగా రాసి, పంపిణీని స్థానిక అధికారుల చేతుల నుండి తప్పించి, నిఘా పెంచి, ఆ ఏడాది చివరికి మీరు దేశమంతటా తిరిగి బయలుదేరారు. ఈ సంస్కరణలన్నీ అవసరమైనవే. మీరు నడుస్తూ ఉండగానే వాటిని ఆ సంస్థలు ఎందుకు చేయలేకపోయాయో ఎవరైనా వివరిస్తే వినాలని ఉంది. తిగ్రాయ్, అమ్హారా ప్రాంతాల్లో దాదాపు 400 మంది ఆకలితో చనిపోయారని ప్రజల ఫిర్యాదులు విచారించే ఇథియోపియా అంబుడ్స్‌మన్ కార్యాలయం 2024 జనవరిలో ప్రకటించింది. కరవునూ యుద్ధాన్నీ కారణాలుగా చూపించారు. ఆ రెండూ ఉన్న చోటికే కదా తమరు వేళకు వెళ్లవలసింది.

ఇక 2025లో జరిగిన దానికి మిమ్మల్ని ఏమనాలో తోచడం లేదు. ‘అమెరికా ప్రజల నుండి’ అన్న ముద్రను ఇన్నేళ్లూ గుండెల మీద మోశారు. ఆ ముద్ర వేసిన యూఎస్ఎయిడ్ జూలై 1 నాటికి తలుపులు మూసుకున్నది. దాత ఇంటికి తాళం పడినా తిగ్రాయ్‌లో లక్షల మంది ఇంకా సొంత ఇంటి తాళం తీయలేదు. సంధి కుదిరి ఏళ్లు గడిచాయి గనుక అక్కడ అత్యవసర పరిస్థితి ఏముందని అడిగే పెద్దమనుషులు మీకు తప్పక తారసపడతారు. సంధి ఊగిసలాడే చోట ఆకలితో ఉన్న కుర్రవాడికి తుపాకీ ఇచ్చి అన్నం పెట్టేవాడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడని, వారి చెవిన ఒక మాట వేయగలరు.

ఈసారి వచ్చేటప్పుడు ఏ ముద్ర వేసుకుని వచ్చినా మాకు అభ్యంతరం లేదు, ముద్ర లేకుండా వచ్చినా సరే. పిల్లల బడి ఇంకా శిబిరంగానే ఉంది గనుక గుర్తుపట్టడం కష్టం కాదు. దారిలో పిండిమర కనిపిస్తే మాత్రం దయచేసి ఆగకండి.

ఇట్లు,
తమ రాకకు ఎదురుచూసేవారి తరఫున
ఒక చౌకడిపో కార్డుదారు