తుప్పు పట్టిన చక్రం బోల్టు విప్పడానికి ఒక్క రాత్రి ఆగలేరా?
దమ్ము చేసిన ట్రాక్టరును బురదతోనే షెడ్డులో పెడతారు. మళ్లీ చక్రం విప్పేదాకా బోల్టుల వైపు చూడరు. తుప్పు ఉబ్బి థ్రెడ్లు (మరలు) బిగుసుకుంటాయి. అప్పుడిక సుత్తి! అరిగిపోయిన పానా పెట్టి కాలితో తొక్కితే ఏమవుతుంది? నట్టు మూలలు గుండ్రమైపోతాయి, ఇక ఏదీ పట్టదు.

వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే నట్టుకు ఆరు మూలల సాకెట్ తొడిగి, దాని పిడికి మూడడుగుల పైపు తగిలించండి. ముందు కాస్త బిగించే వైపు తిప్పండి. ‘టక్’ మని కదిలాక వదులు చేయండి. చక్రం నేలమీద ఉండగానే! జాకీ మీదికెత్తి లాగుతారేంటి, బండి జారితే?

బోల్టు వదులవ్వాలని గాలి నిండిన టైరు పక్కనే గ్యాస్ మంట పెట్టేవాళ్లను ఏమనాలి? రిమ్ము వేడెక్కితే టైరు బాంబులా పేలుతుందయ్యా! ప్రాణం కన్నా బోల్టు ఎక్కువా?