ఫ్యాన్‌కి స్టార్ తప్పనిసరి, కారుకి మాత్రం ఇష్టముంటేనే!

"ఆరు ఎయిర్‌బ్యాగులు స్టాండర్డ్" అని ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్ దాకా హోర్డింగులు పెట్టేశారు. జీఎస్టీ తగ్గాక చిన్న కార్ల షోరూముల్లో మళ్ళీ సందడి కనిపిస్తోంది, సంతోషం. కానీ ఆ యాడ్లలో ఏ మూలన ఎంత చిన్న అక్షరాల్లో వెతికినా ఒక్క విషయం దొరకదు, ఈ కారుని క్రాష్ టెస్టులో గుద్దించి చూస్తే ఎన్ని స్టార్లొచ్చాయి అన్నది. షోరూముకెళ్ళి అడిగి చూడండి. ముందు ఎయిర్‌బ్యాగుల లెక్క చెప్తారు, మళ్ళీ అడిగితే మైలేజీ చెప్తారు, మూడోసారి కూడా వదలకపోతే ఈ బడ్జెట్‌లో అవన్నీ ఎవరూ అడగరు సార్ అంటారు. ఆ సేల్స్ కుర్రాడిని తిట్టి లాభం లేదు, అతని దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే చెప్పి తీరాలని కంపెనీని చట్టం అడగట్లేదు.

ఇదే దేశంలో ఏసీ అమ్మాలంటే దాని మీద స్టార్ స్టిక్కర్ ఉండి తీరాలి. 2010 నుంచి ఏసీలకి, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకి, ట్యూబ్‌లైట్లకి అది తప్పనిసరి, 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్‌కి కూడా. కరెంటు బిల్లులో నాలుగు రూపాయలు మిగిలే విషయంలో ఇంత పట్టుదలగా ఉన్న కేంద్రం, ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చునే కారు దగ్గరికొచ్చేసరికి టెస్టుకి వస్తే రండి, రాకపోతే మీ ఇష్టం అంటోంది. కార్లని గుద్దించి చూసి స్టార్లిచ్చే ప్రభుత్వ పథకం భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ 1 నుంచి నడుస్తోంది, పద్ధతి మంచిదే, 64 కిలోమీటర్ల స్పీడులో ముందు నుంచి గుద్దిస్తారు, పక్క నుంచి కూడా గుద్దిస్తారు, పెద్దవాళ్ళ రక్షణకి 32 మార్కులు, పిల్లల రక్షణకి 49 మార్కులు విడివిడిగా వేస్తారు. కానీ స్వచ్ఛందం. ఫెయిల్ అవుతానని భయపడి పరీక్ష రోజు బడి ఎగ్గొట్టిన పిల్లాడిని పాస్ చేసి పై క్లాసుకి పంపినట్టుంది వ్యవహారం. అందుకే ఇప్పటిదాకా ఈ స్టార్లు తెచ్చుకుని గొప్పగా యాడ్లలో వేసుకున్నవి ఎక్కువగా పది లక్షలు దాటిన ఎస్‌యూవీలే. తక్కువ డబ్బుతో కారు కొనేవాడికే సమాచారం కూడా తక్కువ. ఈ తేడా మాకు మింగుడు పడట్లేదు.

చిన్న కారు మీద మాకు చిన్నచూపేమీ లేదు, ఆ మాట గట్టిగానే చెప్తున్నాం. 1983 డిసెంబర్‌లో మారుతీ 800 వచ్చినప్పుడు దాని ధర 50 వేల లోపే, ఆ రోజు నుంచి మధ్యతరగతి కుటుంబాన్ని స్కూటర్ మీద నుంచి దించి వాన తగలని బండి ఎక్కించింది చిన్న హాచ్‌బ్యాకే. ఇవాళ్టి మారుతీ ఆల్టో కె10నే తీసుకోండి, పొడవు 3.53 మీటర్లు, 998 సీసీ ఇంజను, కంపెనీ లెక్క ప్రకారం లీటర్‌కి 24 కిలోమీటర్ల పైన మైలేజీ, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నడిపితే అంత రాదు గానీ జేబుకి చిల్లు పడని బండే. చిక్కడపల్లి సందుల్లో ఎదురుగా ఆటో వచ్చినా పక్కకి జరగడానికి జాగా దొరుకుతుంది, పెద్ద బండ్లు ముందుకీ వెనక్కీ తంటాలు పడే చోట ఇది ఒక్క స్టీరింగ్‌తో యూటర్న్ తీసుకుంటుంది, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య మిగిలిన జాగాలో కూడా ఇమిడిపోతుంది. సర్వీసు ఖర్చు తక్కువ, వీధి చివర మెకానిక్‌కి కూడా దీని గుట్టు తెలుసు, అయిదారేళ్ళు వాడాక అమ్మితే మంచి రేటే వస్తుంది. హైదరాబాద్ లాంటి ఊళ్ళో నలుగురున్న ఇంటికి ఇంతకన్నా పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు.

లోపాలు కూడా అందరికీ తెలిసినవే. 13 అంగుళాల టైర్లతో ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆ గుంతల్లో వెళ్ళొస్తే నడుము సంగతి నడిపినవాళ్ళకే తెలుసు. ఏసీ వేసి నలుగురు పెద్దవాళ్ళు ఎక్కితే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు తగ్గించక తప్పదు, మూడు సిలిండర్ల ఇంజను గోల లోపలికి వినపడుతుంది, గేర్లు వాటంతట అవే మారే ఏఎంటీ గేర్‌బాక్స్ అయితే ట్రాఫిక్‌లో ప్రతి గేరుకీ ఒక కుదుపు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద పక్క నుంచి ట్రైలర్ లారీ దూసుకుపోతే ఆ గాలికి స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాల్సిందే. 214 లీటర్ల డిక్కీ, సీఎన్‌జీ బండి తీసుకుంటే అందులో సిలిండరే కూర్చుంటుంది, సూట్‌కేస్ ఎక్కడ పెట్టుకోవాలో మీరే చూసుకోవాలి.

అయితే ఇవన్నీ టెస్ట్ డ్రైవ్‌లో తెలిసిపోయే లోపాలు. సీటు ఇరుకో కాదో కూర్చుంటే తెలుస్తుంది, పికప్ ఉందో లేదో తొక్కితే తెలుస్తుంది, ఇవి తెలిసీ కొన్నాడంటే అది వాడి లెక్క, వాడి బడ్జెట్. గుద్దుకున్నప్పుడు బాడీ నిలబడుతుందా, డ్రైవర్ కాళ్ళ మీదకి డాష్‌బోర్డు వస్తుందా, వెనక సీట్లో పిల్లల మెడకి ఏమవుతుంది అన్నది మాత్రం ఎంత తెలివైన కొనుగోలుదారుడైనా షోరూములో నిలబడి కనిపెట్టలేడు. అది తెలిసేది టెస్టు చేసినవాడికే. ఆ టెస్టునే ఐచ్ఛికం చేసి పెట్టారు.

టెస్టు చేసినప్పుడల్లా ఏం బయటపడిందో చూడండి. 2014 జనవరిలో కార్ల భద్రతని పరీక్షించే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ మన చిన్న కార్లని మొదటిసారి గుద్దించింది, ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో, ఎయిర్‌బ్యాగులు లేని బేస్ మోడళ్ళన్నిటికీ సున్నా. 2016లో క్విడ్‌కి సున్నా. 2020లో ఎస్‌ప్రెస్సోకి సున్నా. 2023 ఏప్రిల్‌లో వ్యాగన్ఆర్‌కి ఒక స్టార్, ఆల్టో కె10కి రెండు స్టార్లు, పిల్లల రక్షణలో మాత్రం రెండిటికీ సున్నా. మరి చిన్న కారు అంటే ఇంతే రాసిపెట్టి ఉందా అంటే కాదు, 2020 జనవరిలో టాటా టియాగోకి నాలుగు స్టార్లొచ్చాయి, అల్ట్రోజ్‌కి అయిదుకి అయిదు వచ్చాయి, రెండిట్లోనూ ఉన్నవి రెండేసి ఎయిర్‌బ్యాగులే. అప్పటి టెస్టు ఇప్పటంత కఠినం కాదు, అది ఒప్పుకోవాల్సిందే. అయినా రెండు ఎయిర్‌బ్యాగులతో ఒక హాచ్‌బ్యాక్ అయిదు స్టార్లు, అవే రెండు ఎయిర్‌బ్యాగులతో ఇంకో హాచ్‌బ్యాక్ ఒక్క స్టార్ తెచ్చుకున్నాయంటే, ఎయిర్‌బ్యాగుల లెక్క ఒక్కటే చెప్పి సేఫ్టీ అయిపోయిందనడం జనాన్ని తప్పుదోవ పట్టించడమే. ఇప్పుడు ఆరు పెట్టారు, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ కూడా పెట్టారు, నిజంగా మెచ్చుకోవాల్సిందే, మరి ఆ ఆరిటితో మళ్ళీ గుద్దించి కొత్త మార్కులు జనానికి చూపించడానికి అభ్యంతరం ఏంటి?

రూల్స్ ఎక్కువైతే రేటు పెరుగుతుంది, రేటు పెరిగితే బైకు మీద ఉన్నవాడు బైకు మీదే ఉండిపోతాడు, బైకు ఇంకా ప్రమాదం కదా అనేది కంపెనీల వాదన, అందులో కొంత నిజముంది. కానీ ఇదే వాదనతో 2022లో ఆరు ఎయిర్‌బ్యాగుల రూల్‌ని అడ్డుకున్నారు, అది తప్పనిసరి చేస్తే చిన్న కార్లు బతకవని మారుతీ చైర్మన్ ఆర్.సి. భార్గవ లాంటి పెద్దలు గట్టిగా అన్నారు, 2023 సెప్టెంబర్‌లో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి గడ్కరీ గారు తప్పనిసరి చెయ్యట్లేదని చెప్పేశారు. తీరా 2025లో అదే మారుతీ తన ఆల్టోలో ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టింది. చిన్న కారు చచ్చిపోయిందా? లేదు కదా! ఎగుమతి చేసే కార్లకి ఆరు పెట్టి ఇక్కడి జనానికి ఎందుకు పెట్టరని అప్పట్లో అడిగింది ఆ గడ్కరీ గారే, అడిగి వెనక్కి తగ్గింది కూడా ఆయనే. ఇవాళ ఎన్‌క్యాప్ కూడా అలాగే ఐచ్ఛికంగా మిగిలింది. ఒకసారి భయపెడితే ప్రభుత్వం ఆగుతుందని తెలిశాక ప్రతిసారీ భయపెడతారు.

ఇక రాయితీల సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి వచ్చింది, పైన ఉన్న సెస్ కూడా పోయింది. పెట్రోల్ కారుకి ఏం షరతు పెట్టారు? పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, ఇంజను 1200 సీసీ దాటకూడదు, అంతే. టేపు పెట్టి కొలిచి ట్యాక్స్ తగ్గించారు, సేఫ్టీ గురించి ఒక్క గీత లేదు. అదే నెలలో వచ్చిన ఇంధన పొదుపు నిబంధనల ముసాయిదాలో 909 కిలోల లోపు బరువున్న చిన్న పెట్రోల్ కార్లకి ప్రత్యేక సడలింపు ఇస్తామన్నారు. ఆ ముసాయిదా రాసింది ఎవరు? స్టార్ లేనిదే ఫ్యాన్ అమ్మనివ్వని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీనే. బరువు తగ్గితే బహుమతి, కానీ తగ్గిన బరువుతో గుద్దుకుంటే ఏమవుతుందో చూపించక్కర్లేదు! ఇలాంటి రాయితీ ఒక్కటి పుస్తకంలోకి ఎక్కిందంటే రేపు ఇంకో కంపెనీ వచ్చి నాకూ ఇవ్వండి అంటుంది, ఆ తర్వాత ఎవరు వచ్చినా సేఫ్టీ షరతు పెట్టడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు రోడ్డు మీదకి రండి. అమ్మకానికి చట్టం అడిగే కనీస ఫ్రంటల్ క్రాష్ టెస్టు 56 కిలోమీటర్ల స్పీడులో చేస్తారు, అందులో పాసా ఫెయిలా అంతే, మార్కులు లేవు. మన ఓఆర్ఆర్ మీద స్పీడ్ లిమిట్ 2023లో వందకి ఉన్నదాన్ని 120 చేశారు. అంటే కనీస టెస్టు స్పీడుకి రెండింతల పైన వెళ్ళమని మనమే బోర్డు పెట్టి చెప్తున్నాం. సీటు బెల్టు పెట్టుకోకపోతే కేంద్ర చట్టంలో 1000 రూపాయల ఫైన్, 14 ఏళ్ళ లోపు పిల్లల్ని బెల్టో చైల్డ్ సీటో లేకుండా తీసుకెళ్తే ఇంకో 1000. ఆ ఫైన్లని మేం తప్పుపట్టట్లేదు, వెయ్యాల్సిందే. కానీ బాధ్యత గురించి డ్రైవర్‌కి పాఠం చెప్పే ప్రభుత్వం కంపెనీకి ఎందుకు చెప్పదు?

సంక్రాంతి ముందు విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర నిలబడి చూడండి. అయిదుగురు పట్టే చిన్న కారులో ఆరుగురు, డిక్కీ చాలక ఒళ్ళో బ్యాగులు, ముందు సీట్లో అమ్మ, ఆమె ఒళ్ళో రెండేళ్ళ పిల్ల, అమ్మకి బెల్టు ఉంది, పిల్లకి ఏమీ లేదు, పిల్ల చేతులు డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోటే ఆడుతుంటాయి. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో పేలి తెరుచుకుంటుంది, ఆ దెబ్బకి ఒళ్ళో ఉన్న పిల్ల తట్టుకోలేదు. ఆ తల్లికి ఈ మాట ఎవరూ చెప్పలేదు, ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి భయం లేదనే చెప్పారు. పిల్లల రక్షణలో సున్నా వచ్చిందన్న కాగితం కొన్న రోజే ఆమె చేతిలో ఉంటే ఆ పిల్ల వెనక సీట్లో చైల్డ్ సీటులో ఉండేదేమో. ఇంత ప్రాణాపాయమైన విషయం కొన్న మనిషికి చెప్పకపోవడాన్ని మార్కెట్ స్వేచ్ఛ అని ఎలా అంటారు?

2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోడ్లు, డ్రైవింగ్, తాగుడు, ఓవర్‌లోడ్ అన్నీ కారణాలే, కారు ఒక్కదాని మీదే నెపం వెయ్యట్లేదు. కానీ మిగతా అన్నిటి మీదా ఏదో ఒక రూల్ ఉంది, కారు స్టార్ల మీద మాత్రం లేదు.

కేంద్రం చెయ్యాల్సింది చిన్నదే, భారత్ ఎన్‌క్యాప్‌ని అన్ని కార్లకీ తప్పనిసరి చెయ్యాలి, వచ్చిన స్టార్లు, సున్నా అయినా సరే, ముందు అద్దం మీద అతికించి షోరూములో పెట్టాలి. చవక కారు అమ్మొద్దని మేం అనట్లేదు, మార్కులు దాచి అమ్మొద్దు అంటున్నాం. ఒక స్టార్ కారే నాకు చాలు అని తెలిసి కొనుక్కునేవాడు కొనుక్కుంటాడు.

కేంద్రం మీద నెట్టేసి మన రాష్ట్రం చేతులు దులుపుకోవడానికి కూడా లేదు. అయిదు లక్షల లోపు కారు మీద 13 శాతం, పది లక్షల లోపు కారు మీద 14 శాతం లైఫ్ ట్యాక్స్ తెలంగాణ ఖజానాకే వస్తోంది. 2024 నవంబర్‌లో ఒక్క జీవోతో ఎలక్ట్రిక్ బండ్లకి ఆ ట్యాక్స్ మొత్తం తీసేసి 2026 డిసెంబర్ దాకా మినహాయింపు ఇచ్చారు కదా. అలాగే నాలుగు స్టార్లు పైన తెచ్చుకున్న చిన్న కారుకి రెండు మూడు శాతం తగ్గించండి, టెస్టుకి రాని మోడల్‌కి ఆ తగ్గింపు లేదని చెప్పండి, కంపెనీలు వాటంతట అవే టెస్టుకి పరిగెత్తుకుంటూ వస్తాయి. దీనికి ఢిల్లీ పర్మిషన్ అక్కర్లేదు. ఖైరతాబాద్ ఆఫీసులో ఫ్యాన్సీ నంబర్ల వేలం మీద పెట్టే శ్రద్ధలో సగం దీని మీద పెడితే చాలు.

కంపెనీలకి కూడా ఒక మాట. మీ కారు గట్టిదని మీకు నమ్మకముంటే తీసుకెళ్ళి గుద్దించి మార్కులు తెచ్చి ఆ హోర్డింగు మీద వెయ్యండి, మా రిపోర్టర్లే వచ్చి ఫొటో తీసి రాస్తారు. ఆ నమ్మకం మీకే లేకపోతే, అదే కారుని ఈ ఊరి జనానికి ఏడేళ్ళ ఈఎంఐ మీద ఏ మొహం పెట్టుకుని అంటగడుతున్నారు?