తేదీ గడి గారికి, శ్రీకాకుళం నుంచి శుభలేఖల కొట్టువాడు

మహారాజశ్రీ కంప్యూటర్ తేదీ గడి గారి సముఖమునకు,

శ్రీకాకుళంలో శుభలేఖలు అచ్చేసుకుని బతికేవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, తమరి పుణ్యమా అని ఇక్కడ కుశలం లేదు.

ఈ నెల పెళ్లి సంగతే తీసుకోండి. ముహూర్తం మార్చి 5 బుధవారం రాత్రి 1.12 గంటలకు, తెల్లవారితే గురువారం. శుభలేఖ మీద అలాగే వేశాను. మా నాన్న సీసపు అక్షరాలు పేర్చిన రోజుల నుంచీ అదే పద్ధతి. దాన్ని చదివి ఒకరోజు ఆలస్యంగా వచ్చిన పెళ్లికొడుకు లేడు. పెళ్లి లైవ్ పెట్టడానికి పెళ్లికూతురి తమ్ముడు తమరి దగ్గరికొచ్చాడు. "తెల్లవారితే" అన్న మాట చూడగానే తమరు ఎర్రబడ్డారు. చివరికి 06/03, 01:12 అని మింగారు. ఏ ఊరి 01:12 అని మాటవరసకైనా అడగలేదు.

న్యూజెర్సీలో ఉన్న మేనమామ దాన్ని జూన్ 3 అని చదివాడు. "జూనేటి మామయ్యా, మార్చి!" అని ఫోన్లో సరిదిద్దారు. పాపం, ఆయన మార్చి 6న వాళ్ల ఊరి 1.12కి పట్టుపంచె కట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అప్పటికి మనకి ఉదయం 11.42. ఆయనకి కనిపించింది షామియానా గుంజలు పీకుతున్న కుర్రాళ్లు.

తేడా పదిన్నర గంటలని కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాడు. పదహారు రోజుల పండక్కి ఆ లెక్కే పట్టాడు. ఈలోగా మార్చి 9న వేసవి టైము పేరుతో అమెరికా గడియారాలు గంట ముందుకి జరిగాయి, తేడా తొమ్మిదిన్నర అయింది. (ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయని అరసవల్లిలో జనం తెల్లారకముందే క్యూ కడతారు. సూర్యుడైతే జరగలేదు మరి.) మామయ్య గంట ముందే లేచి కూర్చున్నాడు. ఈసారి గుంజలు పాతుతున్నారు.

ఖాళీగా వదిలినా తమరు ఊరుకోరు. పెళ్లికొడుకు పుట్టినతేదీ తెలియక వదిలేస్తే 1970 జనవరి 1, ఉదయం 5.30 అని చూపించారు. కంప్యూటర్లు సెకన్లు లెక్కపెట్టే యునిక్స్ కాలం ఆ రోజు యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి టైము) అర్ధరాత్రి సున్నాతో మొదలవుతుందట, మన ఐదున్నర గంటలు దానికి కలిశాయట. ఆ లెక్కన మామగారి కంటే అల్లుడే పెద్ద. తెలియకపోతే తెలియదనడానికి ఏం నామోషీ?

తమరికి తెలియక కాదు. ఏడాది, నెల, రోజు వరసలో రాయమని ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1988లో. 2025-03-06 అంటే న్యూజెర్సీలోనూ నరసన్నపేటలోనూ ఒకటే. జరిగిపోయినదానికి యూటీసీ టైము దాచుకుంటే చాలు. జరగబోయేదానికి మాత్రం ఊరి టైమూ, పక్కన ఊరి పేరూ కావాలి: ఏసియా/కోల్‌కతా, అమెరికా/న్యూయార్క్. ఊరు వదిలేసి ప్లస్ ఐదున్నర అని అంకె ఒక్కటే పెట్టుకుంటే మనకి చెల్లుతుంది, మన గడియారం ఏడాదంతా కదలదు కనుక. ఏడాదికి రెండుసార్లు అటూ ఇటూ జరిగే న్యూయార్క్‌కి చెల్లదు.

మామయ్య ఇక యాప్ లింకులు వద్దంటున్నాడు. ఏ శుభకార్యమైనా శుభలేఖకే ఫొటో తీసి పంపమన్నాడు.

చిత్తగించవలెను.

2025-03-22, 00:20, ఏసియా/కోల్‌కతా
(శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం)